నీటికాసుల (గ్లాకోమా) ఆపరేషన్ తర్వాత కంటి వెనక భాగంలో ఏం జరుగుతుంది: గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. మొదటిది మీ నాన్నగారిది. వయసు 58, చిన్నప్పటినుంచి మైనస్ 7 అద్దాలు, విశాఖలో కుడికంటికి మైటోమైసిన్ అనే మందు వాడి ట్రాబెక్యులెక్టమీ (కంట్లో నీరు బయటికి పోయేందుకు కొత్త దారి చేసే నీటికాసుల ఆపరేషన్) చేశారు. ఇప్పుడు మూడో వారం నడుస్తోంది. ఆపరేషన్‌కు ముందు 32 (మి.మీ. పాదరసం) ఉన్న కంటి లోపలి ప్రెజర్ 4కు దిగింది, కానీ 6/12 ఉన్న చూపు 6/36కు పడిపోయింది. కాగితం మీద ‘కోరాయిడల్ డిటాచ్‌మెంట్, మాక్యులార్ ఫోల్డ్స్’ అని రాశారు. రెటీనా ఊడిపోయిందేమోనని ఇంట్లో అందరూ భయపడుతున్నారు. రెండోది మీ పిన్నిగారిది. ఆమెకు నిరుడు ఇదే ఆపరేషన్ జరిగింది, ఈ ఏడాది ఓసీటీ (కంటి పొరలను కాంతితో చిత్రించే స్కాన్) రిపోర్టులో కంటి నరం మొదట్లోని గుంట (నరం తల వెడల్పులో దాని వంతు) 0.8 నుంచి 0.6కు తగ్గినట్టు వచ్చింది. నరం మళ్లీ పెరిగిందా, చుక్కల మందులు, చెకప్పులు మానేయవచ్చా అని అడిగారు. చాలా ఏళ్లుగా ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల నీటికాసుల రోగులను చూస్తున్న కంటి వైద్యుడిగా, ఈ రెండు ప్రశ్నలకూ మూలం ఒకటేనని నాకు అనిపిస్తుంది. ఆపరేషన్ కంటి ముందు భాగంలో జరిగినా, ప్రెజర్ పడిపోవడంతో కన్ను మొత్తం ఆకారం మారుతుంది. ఆకారంలో వచ్చిన మార్పు చాలావరకు తిరిగి సర్దుకుంటుంది. నరంలో పోయిన పోగులు మాత్రం తిరిగి రావు.

అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాలి. కోరాయిడల్ డిటాచ్‌మెంట్ అంటే రెటీనా ఊడిపోవడం కాదు. కంటిగోడలో మూడు పొరలుంటాయి. బయటది తెల్లగుడ్డుగా మనకు కనిపించే గట్టి స్క్లీరా. మధ్యది రక్తనాళాలతో నిండిన కోరాయిడ్. లోపలిది వెలుగును గ్రహించే రెటీనా. రెటీనా ఊడిందంటే అది తన కింది పొర నుంచి విడిపోయి పోషణ కోల్పోయిందన్నమాట, దానికి వెంటనే శస్త్రచికిత్స కావాలి. మీ నాన్నగారి కంట్లో విడిపోయింది అది కాదు. స్క్లీరాకూ కోరాయిడ్‌కూ మధ్య నీరు చేరి, రెటీనాను అంటిపెట్టుకునే ఉన్న కోరాయిడ్ లోపలికి ఉబ్బింది. కంటి అల్ట్రాసౌండ్ అయిన బీ-స్కాన్‌లో ఈ రెండూ వేరుగా కనిపిస్తాయి. కోరాయిడ్ ఉబ్బు నున్నని గుమ్మటంలా, కదలిక లేకుండా ఉంటుంది. ఊడిన రెటీనా పలచగా ఊగుతూ, నరం మొదలు దాకా సాగి ఉంటుంది. వైద్యులు రోజూ వాడే మాట కాబట్టి దాన్ని అలాగే రాసేస్తారు. కాగితం చేతికిచ్చేటప్పుడు ఈ తేడాను రెండు వాక్యాల్లో చెబితే ఇంటిల్లిపాదీ పడే ఆందోళన తప్పుతుంది. ఆ రెండు వాక్యాలు చెప్పడం వైద్యుల బాధ్యతేనని నా అభిప్రాయం.

ఇక ఆ నీరు ఎందుకు చేరుతుందో చూద్దాం. కంటి ముందు భాగంలో నిమిషానికి సుమారు 2 నుంచి 2.5 మైక్రోలీటర్ల చొప్పున నీరు ఊరుతూ ఉంటుంది. అది ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర), కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మధ్య ఉన్న ముందు గదిలోకి వచ్చి, ఆ రెండూ కలిసే మూలలో ఉన్న వల గుండా బయటికి పోతుంది. ఆ దారి సరిగా పనిచేయనప్పుడు ప్రెజర్ పెరిగి, వెనక ఉన్న దృష్టినాడి నలిగిపోతుంది. ఆపరేషన్‌లో తెల్లగుడ్డు మీద సగం మందంలో ఒక చిన్న మూతను లేపి, దాని కింద రంధ్రం చేసి, మూతను సన్నని నైలాన్ కుట్లతో పట్టీపట్టనట్టు బిగిస్తారు. నీరు ఆ మూత అంచుల నుంచి జారి, పైన ఉన్న కంజంక్టైవా అనే పలుచని పొర కింద చేరి, బ్లెబ్ అనే చిన్న ఉబ్బుగా నిలిచి మెల్లగా శరీరంలో ఇంకిపోతుంది. కేంబ్రిడ్జిలో కెయిర్న్స్ 1968లో వివరించిన ఈ పద్ధతి అర్ధ శతాబ్దం దాటినా నిలబడి ఉండడానికి ఆ మూతే కారణం. అంతకు ముందు చేసిన మూత లేని రంధ్రపు ఆపరేషన్లలో నీరు అదుపు లేకుండా పోయేది. అయినా, మూత ఎంత బిగువుగా ఉన్నా, 32 ఉన్న ప్రెజర్ కొద్ది నిమిషాల్లో పదికి దిగినప్పుడు వెనక పొరలకు ఆ మార్పు తెలియకుండా ఉండదు.

కోరాయిడ్ రక్తనాళాల్లోని ఒత్తిడిని ఇంతకాలం కంటిలోపలి ప్రెజర్ బయటినుంచి అదిమి పట్టి ఉంచింది. ఆ ఆసరా ఒక్కసారిగా తగ్గేసరికి నాళాల గోడల నుంచి మాంసకృత్తులతో కూడిన నీరు ఊరి స్క్లీరా కింద చేరుతుంది. ఇక్కడ ఒక విషవలయం కూడా ఉంది. కోరాయిడ్‌తో పాటు దాని ముందు కొసన ఉండే, నీటిని ఊరించే సిలియరీ బాడీ కూడా విడిపోతే నీరు ఊరడమే తగ్గుతుంది. నీరు తగ్గితే ప్రెజర్ ఇంకా పడుతుంది, ప్రెజర్ పడితే ఉబ్బు ఇంకా పెరుగుతుంది. అందుకే మీ నాన్నగారికి అట్రోపిన్, స్టెరాయిడ్ చుక్కలు రాసి ఉంటారు. అట్రోపిన్ కంటి కటకాన్ని వెనక్కి లాగి ముందు గదిని లోతుగా నిలుపుతుంది. స్టెరాయిడ్ వాపును తగ్గించి నాళాల ఊటను అదుపు చేస్తుంది. కోత దగ్గర కణజాలం మానుతూ బయటికి పోయే నీటి ప్రవాహం కొంత మందగించిన కొద్దీ ప్రెజర్ మెల్లగా పెరుగుతుంది. ఎక్కువమందిలో ఈ ఉబ్బు కొన్ని వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. నీటిని కోసి తీయాల్సిన అవసరం ఎప్పుడొస్తుందంటే, రెండు వైపుల ఉబ్బులూ పెరిగి మధ్యలో రెటీనాలు ఒకదానికొకటి తాకినప్పుడు, లేదా ముందు గది పూర్తిగా చదునై కటకం కార్నియాను తాకినప్పుడు. మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్నగారికి ముందు గది లోతు బాగానే ఉంది. కాబట్టి వైద్యులు వేచి చూడడం నిర్లక్ష్యం కాదు, సరైన నిర్ణయం.

మాక్యులార్ ఫోల్డ్స్ విషయం దీనికంటే కొంచెం గంభీరమైనది. చూపు ఎందుకు తగ్గిందన్న మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడే ఉంది. ప్రెజర్ అయిదుకంటే కిందికి దిగినప్పుడు కంటిగోడకు లోపలినుంచి ఉండే బిగువు పోతుంది. స్క్లీరా కొద్దిగా లోపలికి కుంగుతుంది, కన్ను పొడవు కొంత తగ్గుతుంది, దానికి సరిపోయే పరిమాణంలో ఉన్న కోరాయిడ్, రెటీనా ముడతలు పడతాయి. ఆ ముడతలు చూపుకు కేంద్రమైన మాక్యులా గుండా పోతే సరళరేఖలు వంకరగా కనిపిస్తాయి, అక్షరాలు అలుక్కుపోతాయి. రక్తనాళాలు మెలికలు తిరుగుతాయి, నరం మొదలు కూడా కాస్త వాచవచ్చు. దీన్నే హైపోటోనీ మాక్యులోపతీ అంటారు. ఎక్కువ మైనస్ పవరున్న కళ్లలో స్క్లీరా పలచగా, మెత్తగా ఉంటుంది కాబట్టి, వయసు తక్కువైనవారిలోనూ స్క్లీరా ఇంకా సాగే గుణం కోల్పోదు కాబట్టి, ఈ ముడతలు వారికే ఎక్కువగా వస్తాయి. మచ్చకట్టకుండా ఆపే మైటోమైసిన్ వాడినప్పుడు ప్రవాహం ధారాళంగా ఉండి ప్రెజర్ మరీ పడే అవకాశం పెరుగుతుంది. మైనస్ 7, మైటోమైసిన్ రెండూ కలిసినప్పుడు మీ నాన్నగారి కన్ను ఇలా స్పందించడంలో వింత లేదు. అలాగని మైటోమైసిన్ వాడడం తప్పని నేను అనను. అది వాడకపోతే చాలామందిలో కొన్ని నెలల్లోనే కోత పూడిపోయి ప్రెజర్ మళ్లీ మొదటికి వచ్చేది.

ముడతల విషయంలో కాలానికి విలువ ఉంది. ప్రెజర్ కొన్ని వారాల్లో ఎనిమిది, పదికి చేరితే ముడతలు సర్దుకుని చూపు చాలావరకు తిరిగివస్తుంది. నెలల తరబడి అలాగే ఉంటే, ప్రెజర్ పెరిగిన తర్వాత కూడా వంకర చూపు కొంత మిగిలిపోవచ్చు. కాబట్టి నాలుగైదు వారాలు దాటినా ప్రెజర్ అయిదుకు మించకుండా, మాక్యులా ఓసీటీలో ముడతలు తగ్గకుండా ఉంటే ‘ఇంకా ఎంతకాలం ఆగాలి, మూతకు అదనపు కుట్లు వేయాలా’ అని శస్త్రవైద్యుడినే మర్యాదగా, సూటిగా అడగండి. పెద్ద సైజు కాంటాక్ట్ లెన్స్ పెట్టడం, రోగి రక్తాన్నే కొంచెం బ్లెబ్‌లోకి ఎక్కించడం, కంజంక్టైవా మీదుగానే మూతకు కుట్టు వేయడం వంటి మార్గాలున్నాయి. ఏది ఎప్పుడు వాడాలన్నది బ్లెబ్‌ను స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే పరికరం) కింద చూసినవారే చెప్పగలరు. ఎక్కడైనా చిన్న కారడం ఉందేమో ఫ్లోరెసీన్ పసుపు రంగుతో చూశారా అన్నది కూడా అడగదగిన ప్రశ్నే.

మన ప్రాంతంలో తరచూ జరిగే ఒక పొరపాటును ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాని ప్రభావం నేరుగా ఈ వెనక పొరల మీదే పడుతుంది. ఆపరేషన్‌కు ముందు రెండు కళ్లలోనూ టైమోలాల్, డార్జోలమైడ్ వేసుకునేవారు ఇంటికి వచ్చాక అలవాటు కొద్దీ ఆపరేషన్ అయిన కంట్లో కూడా అవే వేస్తుంటారు. డయామాక్స్ మాత్రలు ఇంట్లో మిగిలి ఉంటే వాటినీ మింగిస్తుంటారు. ఆ మందులన్నీ నీటి ఊటను తగ్గించేవే. నీరు ఇప్పటికే ఎక్కువగా బయటికి పోతున్న కంట్లో ఊటను కూడా తగ్గిస్తే కోరాయిడ్ ఉబ్బూ ముడతలూ తగ్గవు. డిశ్చార్జి కాగితంలో కుడికన్ను, ఎడమకన్ను మందులు విడివిడిగా ఏమున్నాయో చూసి, సీసాల మీద తెలుగులోనో, ఇంట్లో ఒడియా చదివేవారుంటే ఒడియాలోనో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఎడమకంటి మందు యథావిధిగా కొనసాగాలి, దాన్ని ఆపకూడదు. అయితే టైమోలాల్ ఒక కంట్లో వేసినా రక్తంలో కలిసి రెండో కంటి ఊటను కొంచెం తగ్గించగలదు. కుడికంటి ప్రెజర్ నాలుగు దగ్గరే ఆగిపోయినప్పుడు ఎడమకంటికి వేరే మందు మార్చవచ్చా అని అడగడంలో తప్పేమీ లేదు.

వేచి చూడకూడని పరిస్థితులు కూడా కంటి వెనక నుంచే మొదలవుతాయి. వాటిలో అతి తీవ్రమైనది కోరాయిడ్ కింద రక్తస్రావం. ప్రెజర్ పడిపోయిన కంట్లో వెనకనుంచి వచ్చే సన్నని ధమనులు సాగి, చిట్లి, నీటికి బదులు రక్తం చేరుతుంది. ఒక్కసారిగా కన్ను పగిలిపోతున్నంత నొప్పి, తలనొప్పి, వాంతి, చూపు ఉన్నపళంగా పోవడం దీని లక్షణాలు. వయసు పైబడినవారిలో, బీపీ ఉన్నవారిలో, రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారిలో, ఎక్కువ మైనస్ పవరున్నవారిలో, ఆపరేషన్‌కు ముందు ప్రెజర్ బాగా ఎక్కువగా ఉన్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. ఉబ్బు పూర్తిగా తగ్గేవరకు బియ్యం బస్తాలు ఎత్తవద్దని, వంగి నాట్లు వేయవద్దని, దగ్గు, మలబద్ధకం ఉంటే వెంటనే మందు తీసుకోమని చెప్పేది ఇందుకే. గుండెకు వాడే యాస్పిరిన్ వంటి మాత్రలను మాత్రం సొంతంగా ఆపకండి, ఆ నిర్ణయం గుండె వైద్యుడు, కంటి వైద్యుడు కలిసి తీసుకోవాలి.

ఇంకొక స్థితిలో ప్రెజర్ పడదు, పెరుగుతుంది. ముందుకు రావలసిన నీరు దారి తప్పి వెనకనున్న, జెల్లీ లాంటి పదార్థమైన విట్రియస్‌లోకి చేరి, కటకాన్ని, ఐరిస్‌ను ముందుకు నెడుతుంది. ముందు గది చదునవుతుంది కానీ ప్రెజర్ ఎక్కువగా ఉంటుంది. మూల మూసుకుపోయిన రకం నీటికాసులున్న చిన్న కళ్లలో ఇది ఎక్కువ. దీనికి అట్రోపిన్ ఇస్తారు, అది చాలనప్పుడు లేజర్ చేస్తారు, దానికీ తగ్గకపోతే విట్రియస్ తీసే శస్త్రచికిత్స చేస్తారు. మీ నాన్నగారిది పొడవాటి కన్ను కాబట్టి ఈ భయం తక్కువ.

మూడోది చీము పట్టడం. ఇది మూడో వారంలోనే కాదు, అయిదేళ్ల తర్వాత కూడా రావచ్చు. బ్లెబ్ మీది పొర పలచగా ఉంటుంది. దాని గుండా సూక్ష్మక్రిములు దూరితే ముందు బ్లెబ్, ఆ తర్వాత విట్రియస్ చెడిపోతాయి. విట్రియస్‌కు రక్తనాళాలు లేవు కాబట్టి అక్కడ క్రిములు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి రెటీనాను గంటల్లో దెబ్బతీయగలవు. వంశధార నీటిలోనో చెరువులోనో తల ముంచి స్నానం చేయడం, కన్ను ఎర్రబడిందని ఆకు పసరు పిండడం, మందుల దుకాణంలో అడిగి ఏదో ఒక చుక్కల మందు తెచ్చి వేయడం, ఈ మూడూ ఆ కంటికి జీవితాంతం నిషిద్ధం. ఎరుపు, పుసి, నొప్పి, చూపు మసకబారడం, వీటిలో ఏ రెండు కలిసి కనిపించినా అదే రోజు కంటి వైద్యుడి దగ్గర ఉండాలి. విశాఖకు వెళ్లే రైలు కోసం తెల్లవారేదాకా ఆగవద్దు. దగ్గరలోనే శ్రీకాకుళంలో, బరంపురంలో వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి. ముందు అక్కడికి చేరి, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోనులో చెప్పండి. డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లడం మరవవద్దు. ‘ట్రాబెక్యులెక్టమీ, మైటోమైసిన్’ అన్న రెండు మాటలు చూస్తే అక్కడి డ్యూటీ వైద్యుడికి పరిస్థితి అర్థమవుతుంది.

ఆపరేషన్ తర్వాత ఘాట్ రోడ్డు మీద ప్రయాణించవచ్చా అని కొందరు అడుగుతారు. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అది అడగవలసిన ప్రశ్నే. ట్రాబెక్యులెక్టమీ తర్వాత ఘాట్ ఎక్కడం వల్ల కంటికి హాని లేదు. రెటీనా ఆపరేషన్‌లోనో మరే సందర్భంలోనో కంట్లో గ్యాస్ పెట్టి ఉంటే మాత్రం, అది పూర్తిగా ఇంకే వరకు ఘాట్ ఎక్కకూడదు. ఎత్తుకు పోయిన కొద్దీ గ్యాస్ వ్యాకోచించి ప్రెజర్‌ను ప్రమాదకరంగా పెంచుతుంది.

ఇప్పుడు మీ పిన్నిగారి రిపోర్టుకు వద్దాం. రెటీనా అంతటి నుంచి వచ్చే సుమారు పది, పన్నెండు లక్షల నరపు పోగులు ఒకచోట చేరి, స్క్లీరాలోని లామినా క్రిబ్రోసా అనే జల్లెడ పొర రంధ్రాల గుండా బయటికి వెళ్లి దృష్టినాడిగా మారతాయి. ప్రెజర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ జల్లెడ వెనక్కి వంగి, నలిగి, పలచబడుతుంది. దాని రంధ్రాల్లో పోగులు ఒరుసుకుని, వాటిలో నడిచే పోషక రవాణా ఆగిపోయి, క్రమంగా చచ్చిపోతాయి. పైనుంచి చూసే వైద్యుడికి ఇది నరం మధ్య గుంట పెద్దదైనట్టు కనిపిస్తుంది. ఆపరేషన్‌తో ప్రెజర్ తగ్గినప్పుడు వెనక్కి వంగిన ఆ జల్లెడ కొంతమేర ముందుకు వస్తుంది, నలిగిన దాని మందం కొంత పెరుగుతుంది, దాని మీదున్న కణజాలం కూడా కొంచెం పొంగుతుంది. లోతుగా చూడగల ఓసీటీ యంత్రాలు వచ్చాక ఈ మార్పును కొలవడం సాధ్యమైంది. పుట్టుకతో నీటికాసులున్న పసిపిల్లల్లో స్క్లీరా సాగే గుణం ఎక్కువ కాబట్టి ఆపరేషన్ తర్వాత గుంట ఆశ్చర్యపోయేంతగా తగ్గుతుంది. పెద్దవారిలో తగ్గుదల తక్కువ, కొందరిలో అసలు కనిపించదు.

మీ పిన్నిగారి గుంట 0.8 నుంచి 0.6కు తగ్గింది ఈ కారణం వల్లే. వెనక్కి వంగిన నేల పైకి లేచింది. చచ్చిన పోగులు కొత్తగా మొలవలేదు. మనిషి దృష్టినాడి పోగులు ఒకసారి పోతే తిరిగి పెరగవు. దీన్ని సరిచూసుకునే మార్గం ఆ రిపోర్టులోనే ఉంది. నరం చుట్టూ ఉన్న పోగుల పొర మందాన్ని సూచించే అంకె పాత రిపోర్టుతో పోలిస్తే దాదాపు మారకుండా ఉండి ఉంటుంది. గుంట తగ్గడం ఒత్తిడి తగ్గిందనడానికి మంచి సూచనే, దానికి సంతోషించవచ్చు. నరం కోలుకుందని మాత్రం దాన్ని చదవకూడదు. ఆపరేషన్ తర్వాత కొందరిలో చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ టెస్టులో కొన్ని బిందువులు కాస్త మెరుగుపడిన మాట నిజమే. ఒత్తిడికి మందగించినా బతికే ఉన్న పోగులు ఊపిరి పీల్చుకోవడం వల్ల అది జరుగుతుందని భావిస్తారు. ఆ లాభాన్ని లెక్కలో ముందే వేసుకుని ఆపరేషన్‌కు వెళ్లడం సరికాదు.

ఇందులో వైద్యులు కూడా జాగ్రత్త పడవలసిన అంశం ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు తీసిన ఓసీటీని తర్వాత తీసినదానితో యంత్రం పోల్చి చూపే గీతలను అలాగే నమ్మకూడదు. మొదటి వారాల్లో ప్రెజర్ తక్కువై నరం వాచి ఉంటే పోగుల పొర మందంగా కనిపిస్తుంది. వాపు తగ్గాక అదే పొర పలచబడినట్టు కనిపించి, జబ్బు ముదురుతోందన్న భయం పుట్టిస్తుంది. రెండూ తప్పుడు అర్థాలే. ప్రెజర్ స్థిరపడిన తర్వాత, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకు, కొత్త ఓసీటీ, కొత్త ఫీల్డ్ టెస్ట్ తీసి, ఇకపై వాటినే పునాదిగా పెట్టుకోవాలి. పిన్నిగారికి అలా తీశారో లేదో కనుక్కోండి. తీయకపోతే ఈ ఏటి రిపోర్టునే పునాదిగా గుర్తించి దాచమని ఆమె వైద్యుడిని కోరండి.

చెకప్పులు మానవచ్చా అన్న ప్రశ్నకు నా సమాధానం కాదనే. ఆపరేషన్ ఉద్దేశం ప్రెజర్‌ను ఒకసారి తగ్గించి వదిలేయడం కాదు, ఏళ్ల తరబడి తక్కువగా నిలపడం. అమెరికాలో ముదిరిన నీటికాసుల మీద జరిగిన పెద్ద అధ్యయనం, ఏజిస్, 2000లో ప్రచురించిన ఫలితాల్లో ఆరేళ్లలో ప్రతి పరీక్షలోనూ ప్రెజర్ 18 కంటే తక్కువగా ఉన్నవారి సగటు 12.3. వారి చూపు పరిధి సగటున దాదాపు మారకుండా నిలిచింది. కొన్ని పరీక్షల్లో మాత్రమే 18 లోపు ఉన్నవారిలో పరిధి తగ్గుతూ వచ్చింది. పిన్నిగారి బ్లెబ్ బయటికి బాగానే కనిపిస్తున్నా లోపల మచ్చకట్టి ప్రెజర్ మెల్లగా 20 దాటవచ్చు. దానికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. వెనక జల్లెడ మళ్లీ వంగడం మొదలైన సంగతి రోగికి తెలిసే మార్గమే లేదు. అందువల్ల కనీసం మూడు, నాలుగు నెలలకొకసారి ప్రెజర్ చూపించాలి. దానికి ప్రతిసారీ విశాఖ ప్రయాణం అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రిలో స్లిట్ ల్యాంప్‌కు అమర్చిన అప్లనేషన్ టోనోమీటరుతో కొలిచినా చాలు. కంటి మీద బరువు ఆనించి కొలిచే పాత షియోట్జ్ పరికరం మాత్రం బ్లెబ్ ఉన్న కంటికి వద్దని ముందే చెప్పండి.

మీరు అడగలేదు కానీ మీ మాటల వెనక ఉన్న భయం ఇంకొకటి ఉందనిపించింది. ‘ఆపరేషన్ చేయించుకుంటే ఉన్న చూపు కూడా పోతుంది’ అని పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ప్రతి ఊళ్లోనూ వింటాను. చూపు పరిధి నడిమధ్య వరకు కుంచించుకుపోయిన, బాగా ముదిరిన కళ్లలో ఆపరేషన్ తర్వాత ఆ చివరి చూపు పోవడం అరుదుగా జరుగుతుంది. అలాంటివారికి ప్రెజర్‌ను ముందే మందులతో కొంత దించి, మూత కుట్లు బిగువుగా వేసి, తర్వాత ఒక్కొక్కటిగా వదులు చేస్తూ మెల్లగా తగ్గిస్తారు. ఆ భయంతో ఆపరేషన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేసి, చివరికి మిగిలిన చూపు కూడా జబ్బుకే అప్పగించినవారే నాకు ఎక్కువగా కనిపిస్తారు. మీ నాన్నగారి ఎడమకంటికి కూడా రేపు ఇదే నిర్ణయం ఎదురుకావచ్చు. అప్పుడు కుడికంటికి ఇలా జరిగిందన్న వివరం శస్త్రవైద్యుడికి చాలా విలువైనది. మైటోమైసిన్ మోతాదు, కుట్ల బిగువు, వాటిని వదులు చేసే రోజు, అన్నీ దాన్ని బట్టి మార్చుకోగలరు. అందుకని ఈ కొద్ది వారాల ప్రెజర్ అంకెలు, మాక్యులా ఓసీటీ చిత్రాలు తేదీలతో సహా ఒక ఫైలులో భద్రపరచండి. వచ్చే చెకప్‌కు వెళ్లేటప్పుడు ఆ ఫైలుతో పాటు ఇప్పుడు వాడుతున్న సీసాలన్నీ, ఎడమకంటివి కూడా, సంచిలో వేసుకుని వెళ్లండి.